డాల్ఫిన్లు చూడాలంటే యాడికి పోవాల? కడప నుంచి బయల్దేరే కుటుంబాలకు ఒక పోలిక

ప్రొద్దుటూరు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఈ సంక్రాంతి సెలవులకి పిల్లోళ్లకి డాల్ఫిన్లు సూపియ్యాలని అనుకుంటాండా. గోవాకి పొమ్మంటావా, ఒరిస్సాకి పొమ్మంటావా? మా ఆఫీసులో ఒకాయన శ్రీలంక పోండి అంటాండాడు. ఆడయితే తిమింగలాలే కనపడతాయంట."

నేను కడపలో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. ఇంట్లోవాళ్లకు ఇలాంటి అనుమానం ఏదొచ్చినా నాకే ఫోన్ వస్తుంది. ఈసారి మాత్రం ఐదు నిమిషాల్లో జవాబు చెప్పి పెట్టేయలేకపోయాను. ఆ రోజు వాడికి చెప్పింది, తర్వాత రెండు మూడు రోజులు ఆలోచించి చేర్చింది కలిపి ఇక్కడ రాస్తున్నాను. కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి పిల్లాపాపలతో బయల్దేరే వాళ్లకు పనికొస్తుంది.

మనకు సముద్రం లేదు. ఇళ్లలో పరుచుకునే కడప బండ ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్నదే అయినా, వేంపల్లె చుట్టుపక్కల రాళ్లలో ఆనాటి సూక్ష్మజీవుల పొరలు ఇప్పటికీ కనిపిస్తున్నా, ఆ సముద్రం పోయి కోట్లకు కోట్ల ఏళ్లయింది. అప్పటికి తిమింగలాలు పుట్టనే లేదు. నేల మీద నాలుగు కాళ్లతో తిరిగిన జంతువులు నీళ్లలోకి దిగి తిమింగలాలుగా, డాల్ఫిన్లుగా మారడం సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది. అదీ మన ఉపఖండపు ఒడ్డుల్లోనే. అవి నీళ్లలోకైతే దిగాయి గానీ ఊపిరితిత్తులను వదులుకోలేదు. పిల్లల్ని కని, పాలిచ్చి పెంచుతాయి. గాలి కోసం పైకి రాక తప్పదు. మనకు కనిపించేది ఆ పైకి వచ్చిన క్షణంలోనే. మన పడవ వాటికి అడ్డం పడేదీ అప్పుడే.

అందుకే తమ్ముడికి మొదట ఒక మాట చెప్పాను. నువ్వు ఏ ఊరు పోవాలో అడుగుతున్నావు, నేను ఏ పడవ ఎక్కాలో చెప్తాను. ఊరు తర్వాత చూసుకుందాం.

గోవా: దగ్గర, చౌక, కానీ జాగ్రత్త

మన వైపు నుంచి గోవాకి పోవడం తేలిక. హౌరా వైపు నుంచి వాస్కో పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్ నంద్యాల, డోన్, గుంతకల్లు మీదుగానే పోతుంది. కర్నూలు వాళ్లు డోన్‌లో ఎక్కొచ్చు, అనంతపురం వాళ్లు గుంతకల్లులో ఎక్కొచ్చు. అక్టోబరు నుంచి మే దాకా పడవలు తిరుగుతాయి. అక్కడ కనిపించేవి ఎక్కువగా హంప్‌బ్యాక్ డాల్ఫిన్లు. వీపు మీద ఎద్దు మూపురంలా చిన్న ఎత్తు, దాని మీద రెక్క. ఇవి ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువ నీళ్లలోనే బతుకుతాయి. చూడటానికి తేలిక అయింది అందుకే, వలలకూ పడవలకూ రేవు పనులకూ ముందు బలయ్యేదీ అందుకే. ప్రపంచ స్థాయిలో అంతరించే ప్రమాదం ఉన్న జాతుల జాబితాలో ఈ డాల్ఫిన్ ఉంది.

నేను కొన్నేళ్ల కిందట ఇంట్లోవాళ్లతో పోయాను. పొద్దున్నే ఒక పడవ ఎక్కాం. ఒడ్డు నుంచి కాస్త దూరం పోగానే రెండు డాల్ఫిన్లు కనిపించాయి, ఒకటి పెద్దది, ఒకటి దాని పక్కనే అంటిపెట్టుకుని చిన్నది. నాకు అలవాటు కొద్దీ చేతి గడియారం చూశాను. మొదట్లో అర నిమిషానికోసారి పైకి వచ్చాయి. మా పడవాయన కేక వేసి ఇంకో పడవాయనకు చూపించాడు, ఆయన మరొకరికి. కాసేపటికి తొమ్మిది పడవలు చేరాయి. జనం ఈలలు వేస్తున్నారు, ఇంజిన్లు మోగుతున్నాయి. డాల్ఫిన్లు నీళ్లలో ఉండే సమయం నిమిషం అయింది, రెండు అయింది, చివరికి నాలుగు నిమిషాల తర్వాత చాలా దూరంలో తేలాయి. పడవలన్నీ అటు మళ్లాయి. ఇంజిన్ ఆపమని పడవాయన్ని అడిగాను. "మేడం, మీరు చూడలేదంటే నేను డబ్బు వాపస్ ఇయ్యాల" అన్నాడు.

ఆ మాటలో ఉంది అసలు సంగతంతా. 'డాల్ఫిన్ కనబడకపోతే డబ్బు తిరిగిస్తాం' అన్న బోర్డు మనకు లాభం లాగా కనిపిస్తుంది. పడవాయనకు అది డీజిల్ ఖర్చు సొంతంగా భరించాల్సిన పందెం. అందుకని ఆయన వెంటపడతాడు, అడ్డం పోతాడు, తల్లీపిల్లల మధ్యకు దూరతాడు. ఆయన్ని తిట్టి లాభం లేదు, ఆ షరతు పెట్టింది మనలాంటి వాళ్ల డబ్బే. ఆ బోర్డు ఎక్కడ కనిపించినా, గోవాలోనైనా ఇంకెక్కడైనా, ఆ పడవ ఎక్కొద్దు. ఇది నా ఖచ్చితమైన మాట.

ఎందుకంత పట్టుదల అని తమ్ముడు అడిగాడు. డాల్ఫిన్ చూపుతో కంటే చప్పుడుతోనే ఎక్కువ బతుకుతుంది. టిక్కు టిక్కుమని శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో చేప ఎక్కడుందో, గట్టు ఎక్కడుందో కనిపెడుతుంది. నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగం. తొమ్మిది ఇంజిన్ల రొద మధ్య దానికి లోకం మసకబారిపోతుంది. నిద్ర కూడా అంతే, మెదడులో సగం నిద్రపోతే సగం మేలుకుని ఊపిరి చూసుకుంటుంది. తప్పించుకోవడానికి పోయిన ప్రతి నిమిషం వేట నుంచో, నిద్ర నుంచో, పిల్లకు పాలిచ్చే సమయం నుంచో తగ్గేదే. ఒక్క రోజుకైతే తట్టుకుంటుంది. సీజనంతా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, పడవ తర్వాత పడవ వస్తే తట్టుకోలేదు.

గోవాకే పోవాలనుకుంటే తెల్లవారగానే బయల్దేరే, తక్కువ మందిని ఎక్కించుకునే పడవ వెతకండి. కార్వార్, మురుడేశ్వర్, మహారాష్ట్రలో మాల్వణ్ వైపు కూడా ఇవే డాల్ఫిన్లు ఉన్నాయి, రద్దీ గోవా అంత ఉండదు. కానీ అక్కడా పద్ధతి పడవాయన్ని బట్టే.

చిలికా: నా ఓటు దీనికే

మన తెలుగువాళ్లకు ఒరిస్సాలోని చిలికా సరస్సు డాల్ఫిన్‌తో చుట్టరికం ఉంది, చాలామందికి తెలియదు. దాని పేరు ఇరావడీ డాల్ఫిన్. బర్మా నది పేరు పెట్టారు గానీ, శాస్త్రానికి మొదట తెలిసింది మన విశాఖపట్నం రేవులో 1852లో దొరికిన నమూనా ద్వారా. దాన్ని చూసి 1866లో రిచర్డ్ ఓవెన్ ఈ జాతిని వర్ణించాడు. ముక్కు పొడుగ్గా ఉండదు, తల గుండ్రంగా, మొహం నవ్వుతున్నట్టు ఉంటుంది. ఉప్పునీరు, మంచినీరు కలిసే చోట బతుకుతుంది. చిలికాలో ఇవి సుమారు 150 మాత్రమే ఉన్నాయి. మన బడిలో ఒక తరగతి మూడు సెక్షన్ల పిల్లలంత లెక్క.

ఈ సరస్సు ఒకసారి చావు అంచు దాకా పోయి వచ్చింది. 1981లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. తర్వాత సముద్రంతో కలిసే దారి ఇసుకతో పూడిపోయి, ఉప్పదనం తగ్గి, గుర్రపుడెక్క లాంటి కలుపు పెరిగి, చేపలు పడిపోయాయి. 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల పట్టీలో చేర్చారు. 2000లో సముద్రంలోకి కొత్త దారి తవ్వారు. ఉప్పునీరు లోపలికి వచ్చింది, చేపలు తిరిగొచ్చాయి, 2002లో ఆ పట్టీ నుంచి పేరు తీసేశారు. మనుషులు చెడగొట్టినదాన్ని మనుషులే బాగుచేసిన ఉదాహరణ పిల్లలకు చూపించాలంటే ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

దారి సంగతి. తిరుపతి నుంచి పూరీకి నేరుగా రైలుంది, కడప, ప్రొద్దుటూరు వాళ్లకు అది సులువు. గుంతకల్లు, నంద్యాల వైపు వాళ్లు అమరావతి ఎక్స్‌ప్రెస్‌లోనే, గోవాకు ఎదురు దిక్కున, ఖుర్దా రోడ్డు దాకా పోయి అక్కడ పూరీకి మారొచ్చు. పూరీ నుంచి సాతపడా సుమారు 50 కిలోమీటర్లు. డాల్ఫిన్లు ఎక్కువగా ఉండేది ఆ సాతపడా వైపే, సరస్సు సముద్రంతో కలిసే కాలువ దగ్గర. మెయిన్ లైన్ మీద బాలుగావ్ స్టేషన్ చిలికా ఒడ్డునే కదా అని అక్కడ దిగేస్తే కాళీజాయి అమ్మవారి దర్శనం అవుతుంది గానీ డాల్ఫిన్లు కనిపించే అవకాశం తక్కువ. జగన్నాథుడి దర్శనం కూడా కలిసొస్తుంది కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు ఈ ప్రయాణానికి అడ్డు చెప్పరు. మా అమ్మ అయితే పూరీ పేరు వినగానే సంచి సర్దడం మొదలుపెట్టింది.

ఇప్పుడు లోపాలు. సాతపడాలో మర పడవలు చాలా ఉన్నాయి. పొడవాటి కడ్డీకి చివర రెక్కలుండే ఇంజిన్లు, ఆ రెక్కలు తగిలి డాల్ఫిన్లు గాయపడ్డ సందర్భాలున్నాయి. చేపల వలల్లో చిక్కుకుని చనిపోవడం అంతకంటే పెద్ద బెడద. సంక్రాంతి, క్రిస్మస్ రోజుల్లో రద్దీ గోవాకు తీసిపోదు. కాబట్టి కనుమ వెళ్లాక, వారం మధ్యలో, పొద్దున ఆరున్నర ఏడుకల్లా పడవ ఎక్కేలా చూసుకోండి. నీళ్లు నిశ్చలంగా ఉంటాయి, వీపు తేలితే దూరం నుంచే తెలుస్తుంది. కనిపించాక పడవాయన్ని ఇంజిన్ ఆపి నిలబడమనండి. ఇరావడీ డాల్ఫిన్ బిడియస్థురాలు, వెంటపడితే మాయమవుతుంది. కదలకుండా ఉన్న పడవకు ఒక్కోసారి దానంతట అదే దగ్గరగా వస్తుంది.

పిల్లలకు ముందే చెప్పండి: ఇది టీవీలో లాగా గాల్లోకి ఎగిరి పల్టీలు కొట్టేది కాదు. బూడిదరంగు వీపు ఒకటి తేలుతుంది, ఫుస్సుమని ఊపిరి వినిపిస్తుంది, మునిగిపోతుంది. అంతే. ఆ ఊపిరి చప్పుడు వినడం కోసం పోవాలి. ఎగిరే డాల్ఫిన్ కావాలనుకుని పోయినవాళ్లే "ఇంకా దగ్గరికి పోనీ" అని పడవాయన్ని ఒత్తిడి చేస్తారు.

వీలైతే ఇంకో రోజు కలుపుకుని సరస్సు ఉత్తరం వైపు మంగళాజోడి పోండి. అక్కడ డాల్ఫిన్లు ఉండవు, చలికాలంలో లక్షల్లో వలస పక్షులు దిగుతాయి. ఒకప్పుడు ఆ ఊరివాళ్లు పక్షుల్ని వేటాడి అమ్మేవాళ్లు. ఇప్పుడు వాళ్లే కాపలాదారులు, వాళ్లే గైడ్లు. పడవకు ఇంజిన్ ఉండదు, గడకర్రతో నెడతారు. ముందు రోజు మంగళాజోడి, మరుసటి రోజు సాతపడా పెట్టుకుంటే, చప్పుడు లేని పడవకూ చప్పుడున్న పడవకూ తేడా పిల్లలే చెబుతారు. సాతపడాలో ఇంజిన్ ఆపమని వాళ్లే అడుగుతారు.

శ్రీలంక: ఖర్చు ఎక్కువ, దృశ్యం వేరు

నీలి తిమింగలం చూడాలనే కోరిక ఉంటే మనకు దగ్గర చోటు లంకే. దక్షిణాన మిరిస్సా రేవు నుంచి పడవలు పోతాయి. అక్కడ సముద్రం ఒడ్డు దాటగానే అగాధంలా లోతవుతుంది. లోతు నీళ్లు దగ్గరగా ఉండటంతో తిమింగలాలు కొన్ని గంటల ప్రయాణ దూరంలోనే కనిపిస్తాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మిరిస్సా, మే నుంచి తూర్పున త్రింకోమలి. మిగతా నీలి తిమింగలాలు చాలావరకు ధ్రువాల వైపు చల్లని నీళ్లకు మేతకు పోతే, ఇక్కడివి ఏడాది పొడవునా ఈ వేడి నీళ్లలోనే తిరుగుతాయి. ఈ సంగతి లోకానికి తెలియడంలో శ్రీలంక శాస్త్రవేత్త ఆశా డి వోస్ పాత్ర పెద్దది. 2003లో ఆమె సముద్రం మీద తిమింగలాల మలం తేలడం చూసి, అయితే ఇవి ఇక్కడే మేస్తున్నాయని ఊహించింది. బయాలజీ పిల్లలకు ఈ కథ చెబితే మొదట నవ్వుతారు, తర్వాత నోట్సు రాసుకుంటారు.

రెండు ఆర్టీసీ బస్సుల్ని ఒకదాని వెనక ఒకటి పెడితే ఎంతో, నీలి తిమింగలం అంత పొడవు. దాని పిల్ల పాలు తాగి రోజుకు సుమారు 90 కిలోలు పెరుగుతుంది. ఇంత పెద్ద జంతువుకు భయమేముంది అనుకుంటాం. లంకకు దక్షిణంగా ప్రపంచంలోనే అతి రద్దీ ఓడల దారుల్లో ఒకటి తిమింగలాల మేత స్థలం మీదుగా పోతుంది. ఓడ ముక్కు తగిలి అవి చనిపోతున్నాయి. 2022లో ఎం.ఎస్.సి. అనే పెద్ద ఓడల కంపెనీ తన ఓడల్ని ఇంకాస్త దక్షిణంగా నడపడం మొదలుపెట్టింది. దారి కాస్త జరిగితే చాలు, ప్రాణాలు మిగులుతాయి.

ఒకవైపు ఓడలు, ఇంకోవైపు పర్యాటకుల పడవలు. మధ్యలో తిమింగలం. శ్రీలంక ప్రభుత్వం 2012లో నియమాలు తెచ్చింది, తిమింగలానికి 100 మీటర్ల లోపు పడవ పోకూడదు. నియమం పాటించేవాళ్లూ ఉన్నారు, గాలికి వదిలేసేవాళ్లూ ఉన్నారు. తిమింగలంతో ఈత కొట్టిస్తామనే వాళ్ల జోలికి పోవద్దు. ఎన్ని పడవలు దాని చుట్టూ చేరితే ఆగిపోయి వెనక్కి వస్తారో ముందే అడగండి. తడుముకోకుండా జవాబు చెప్పగలిగినవాళ్లే దాని గురించి ఎప్పుడైనా ఆలోచించి ఉంటారు.

కడప నుంచి రైల్లో చెన్నై, అక్కడినుంచి కొలంబోకు విమానం గంటన్నర లోపే. అనంతపురం వాళ్లకు బెంగళూరు దగ్గర. వీసా నిబంధనలు మారుతుంటాయి, టికెట్ కొనేముందు చూసుకోండి. సముద్రం మీద నాలుగైదు గంటలు ఊగుతూ పోవాలి. వాంతులయ్యే వాళ్లకు, చంటిపిల్లలకు, మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లకు ఇది మంచి ఎంపిక కాదు. తమ్ముడికి అందుకే వద్దన్నాను, చిన్నదానికి ఇంకా ఐదేళ్లు నిండలేదు. పిల్లలు పెద్దయి, డబ్బు చేతిలో ఉండి, జీవితంలో ఒక్కసారి పోవాలనుకుంటే మాత్రం మిరిస్సాకే పొమ్మంటాను.

కాశీకి పోతున్నారా? పడవే అక్కర్లేదు

మన వైపు నుంచి కాశీయాత్రకు పోని వీధి ఉండదు. గంగలో డాల్ఫిన్లు ఉన్నాయని తెలిసి పోయేవాళ్లు మాత్రం తక్కువ. కాశీకి దిగువన, గోమతి గంగలో కలిసే కైథి వైపు గట్టు మీద కూర్చుంటే అవి కనిపిస్తాయి. అక్కడివాళ్లు దాన్ని 'సూంస్' అంటారు, ఊపిరి చప్పుడే పేరయింది. దాదాపు గుడ్డిది. బురద నీళ్లలో కళ్లతో పనేముంది, చప్పుడుతోనే బతుకుతుంది. పక్కకు ఒరిగి ఈదుతుంది. 2009లో దీన్ని జాతీయ జలచరంగా ఎంపిక చేశారు. 2025లో విడుదలైన సర్వే లెక్క ప్రకారం మన దేశపు నదుల్లో మొత్తం 6,327 డాల్ఫిన్లు ఉన్నాయి, వాటిలో మూడు తప్ప మిగతావన్నీ ఈ గంగా డాల్ఫిన్లే. ఆ మూడూ పంజాబులోని బియాస్ నదిలో ఉండే సింధు డాల్ఫిన్లు. బీహారులో సుల్తాన్‌గంజ్ నుంచి కహల్‌గావ్ దాకా 60 కిలోమీటర్ల విక్రమశిల అభయారణ్యం వీటికోసమే ఉంది.

గట్టు మీద నుంచి చూడటం కంటే ఉత్తమమైన పద్ధతి లేదు. ఇంజిన్ లేదు, వెంటపడటం లేదు, ఖర్చు లేదు. ఓపిక కావాలి. పెద్దవాళ్లు కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని ఉంటారు కదా, ఒక పొద్దున్నపూట దీనికి పెట్టండి. డబ్బు లెక్క చూస్తే, గంగ ఒడ్డే అన్నిటికంటే చవక, అన్నిటికంటే తప్పులేనిది.

కొలనులో ఆడించేవి వద్దు

కడప, రాజంపేట, రాయచోటి వైపు కువైట్, దుబాయ్ బంధువులు లేని ఇల్లు తక్కువ. దుబాయ్ పోయినవాళ్లు డాల్ఫిన్ షో వీడియోలు పంపుతారు. బంతి ఆడుతుంది, ముద్దు పెడుతుంది, పిల్లలు కేరింతలు కొడతారు. బడ్జెట్ ప్రకారం చూసినా, భద్రత ప్రకారం చూసినా అదే తేలిక అనిపిస్తుంది. వద్దు.

మన దేశంలో అలాంటి ప్రదర్శనలకు అనుమతి లేదని 2013లో కేంద్రం తేల్చిచెప్పింది. అంతకుముందు 1998లో చెన్నై దగ్గర ఒక వినోద కేంద్రం బల్గేరియా నుంచి డాల్ఫిన్లను తెప్పించింది. కొన్ని నెలల్లోనే అవి చనిపోయాయి. సముద్రంలో రోజుకు పదుల కిలోమీటర్లు ఈదే జంతువు, గుంపులో తల్లి, పిల్ల, తోబుట్టువులతో బతికే జంతువు, గోడల మధ్య తన చప్పుడు తనకే తిరిగి కొడుతుంటే ఎలా ఉంటుందో ఊహించండి. దాని మొహంలో నవ్వులా కనిపించేది దవడ ఆకారం. చనిపోయిన డాల్ఫిన్ మొహంలోనూ ఆ నవ్వే ఉంటుంది.

ఇంకో మాట, రామేశ్వరం పోయేవాళ్లకు. పాక్ అఖాతంలో సముద్రపు ఆవులు, అంటే దుగోంగులు, ఉంటాయి. సముద్రగడ్డి మేసి బతికే సాధు జంతువు. తమిళనాడు 2022 సెప్టెంబరులో 448 చదరపు కిలోమీటర్లు వాటికోసం రిజర్వుగా ప్రకటించింది. మిగిలినవి చాలా తక్కువ. వాటిని వెతికిపెట్టమని పడవ మాట్లాడొద్దు. అవి అక్కడున్నాయని పిల్లలకు పాంబన్ వంతెన మీద చెబితే చాలు.

సెలవులను బట్టి చూస్తే

సంక్రాంతికైతే చిలికా లేదా మిరిస్సా, రెండింటికీ మంచి కాలం. దసరాకైతే తూర్పు తీరంలో తుఫాన్ల భయం ఉంటుంది, చిలికా టికెట్లు తీసుకుని బాధపడొద్దు. ఆ సెలవుల్లో గోవా, కార్వార్ వైపు పడవలు అప్పుడే మొదలవుతాయి. వేసవి సెలవులు జూన్ 12న బళ్లు తెరిచేలోపు కాబట్టి త్రింకోమలి సరిపోతుంది. వేసవిలో కాశీ ఎండను మనవాళ్లు తట్టుకుంటారనుకున్నా, చలికాలమే మేలు.

పడవ మాట్లాడేముందు అడగాల్సినవి

ఫోన్లోనే సగం తెలిసిపోతుంది. డాల్ఫిన్ కనబడకపోతే ఏం చేస్తారని అడగండి. "ఏం చేస్తాం సార్, అది దాని ఇష్టం" అన్నాయనే మంచి పడవాయన. ఎంత దూరంలో ఆపుతారని అడగండి. తిమింగలానికైతే 100 మీటర్లు, డాల్ఫిన్‌కైతే 50 మీటర్లు అనేది చాలా దేశాల్లో పాటించే దూరం. 50 మీటర్లంటే మన బడి గ్రౌండులో నూరు మీటర్ల పరుగులో సగం, అంతే. అంత దూరం నుంచి కళ్లకు బాగానే కనిపిస్తుంది, చవకరకం బైనాక్యులర్ ఉంటే ఇంకా బాగా.

పడవ ఎక్కాక చూడాల్సింది దాని నడక. ఎదురుగా గానీ, సరిగ్గా వెనకనుంచి గానీ పోకూడదు. పక్కగా, అది పోయే దిక్కులోనే, దాని వేగానికి మించకుండా పోవాలి. అప్పటికే రెండు మూడు పడవలుంటే దూరంగా ఆగి వంతు వచ్చేదాకా చూడాలి. ఒక గుంపు దగ్గర ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. తోకతో నీళ్లను కొడుతున్నా, హఠాత్తుగా దిక్కు మారుస్తున్నా, గోవాలో నేను చూసినట్టు మునిగి ఉండే సమయం పెరుగుతూ పోతున్నా, పొమ్మంటోందని అర్థం. తల్లి పక్కన పిల్ల ఉంటే మొదటినుంచే ఇంకా దూరం. మేత వేయొద్దు, డ్రోన్ ఎగరేయొద్దు. లైఫ్ జాకెట్ అందరికీ, పిల్లల సైజుతో సహా, ఉందో లేదో చూడటం మర్చిపోవద్దు. జంతువు సంగతి పట్టించుకునే పడవలో మనుషుల భద్రత కూడా బాగానే ఉంటుంది.

పద్ధతిగా నడిపిన పడవాయనకు నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వండి, ఎందుకిస్తున్నారో చెప్పి మరీ ఇవ్వండి. "నువ్వు ఇంజిన్ ఆపినందుకు" అని ఆయన విన్నప్పుడే ఆ పద్ధతికి గిరాకీ ఉందని తెలుస్తుంది. వెంటపడిన పడవకు మంచి రేటింగ్ ఇచ్చి, దగ్గరి ఫోటోలు పెట్టి పొగడటం మానేయండి. వచ్చే ఏడాది ఆ రేవులో ఎవరి పద్ధతి నిలబడుతుందో తేల్చేది మన డబ్బే.

పోలేనివాళ్లకు

అందరికీ పూరీ దాకా పోయే వీలు ఉండదు. కర్నూలు, అనంతపురం వాళ్లకు దగ్గరలోనే ఒక అవకాశం ఉంది. తుంగభద్రలో నీటికుక్కలున్నాయి. డాల్ఫిన్ లాగే పాలిచ్చే జంతువు, గుంపుగా తిరుగుతుంది, చేపలు పడుతుంది. కర్ణాటక 2015లో ముద్లాపూర్ నుంచి కంప్లి దాకా 34 కిలోమీటర్ల నదిని వాటికి రిజర్వుగా ప్రకటించింది. గట్టు మీద నిశ్శబ్దంగా కూర్చుని చూడాల్సిందే, గంగ ఒడ్డున లాగే.

కడప వాళ్లం అసలు ఈ పాఠం ముందే నేర్చుకున్నాం అనుకుంటాను. లోకంలో లేదనుకున్న కలివికోడి 1986లో మన జిల్లాలోనే మళ్లీ దొరికింది. దానికోసం లంకమల అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మార్చారు. రాత్రిపూట పొదల్లో తిరిగే ఆ పిట్టను మనలో దాదాపు ఎవ్వరం చూడలేదు. చూడకపోయినా కాపాడాం. కర్నూలు వైపు రోళ్లపాడులో బట్టమేక పిట్టను చూడటానికి ఎక్కడెక్కడినుంచో జనం వచ్చేవాళ్లు. ఇప్పుడు పోయినా ఆ పిట్ట కనిపించదు.

పెన్నా కూడా సముద్రంలోకే పోతుంది. గండికోట లోయలో పిక్నిక్‌కు పోయి వదిలేసిన ప్లాస్టిక్ సంచి వరదకు కొట్టుకుపోయి నెల్లూరు దాటి బంగాళాఖాతంలో తేలుతుంది. అక్కడా డాల్ఫిన్లున్నాయి. ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 3 లక్షల తిమింగలాలు, డాల్ఫిన్లు వలల్లో చిక్కి చనిపోతున్నాయని అంచనా. పర్యాటకుల పడవలు చేసే హాని దానిముందు చిన్నది. కానీ మన చేతిలో ఉన్నది, రేపు పొద్దున్నే ఆపగలిగింది ఆ చిన్నదే.

తమ్ముడు పూరీకి టికెట్లు తీసుకున్నాడు, కనుమ తర్వాత రోజుకి. సాతపడాలో ఇద్దరు పడవాళ్లకు ఫోన్ చేశాడట. ఒకాయన "గ్యారంటీ సార్" అన్నాడు, ఇంకొకాయన "పొద్దున వస్తే ఉండొచ్చు, గాలి ఎక్కువైతే కష్టం" అన్నాడు. రెండో ఆయన్నే మాట్లాడుకున్నాడు. నా బైనాక్యులర్ పంపించాను. ఈ ఆదివారం మైలవరం డ్యాముకు పోయి కొంగల మీద చూపు కుదుర్చుకోమని పిల్లలకు చెప్పాను. పెద్దవాడు అప్పుడే అడుగుతున్నాడు, "అత్తా, అది ఊపిరి పీల్చేది యెంత దూరం ఇనపడతాది?"